షుగర్ వచ్చిందని పాలు మానకండి: ఏడో నెల గర్భిణి ఎముకలు, విటమిన్ డి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీకిప్పుడు 27 వారాలు. గ్లూకోజ్ నీళ్లు తాగించి చేసిన పరీక్షలో రెండు గంటల షుగర్ 158 వచ్చింది. విటమిన్ డి 11 ఉంది. డాక్టర్ వారానికో విటమిన్ డి సాచెట్, రోజుకు రెండు కాల్షియం మాత్రలు రాశారు. ఇంట్లో పెద్దవాళ్లు "షుగర్ కదా, పాలు పెరుగు ముట్టుకోకు" అన్నారని మూడు వారాలుగా రెండూ మానేశారు. పూటకి రెండు పుల్కాలతో సరిపెట్టుకుంటున్నారు. కిలోన్నర బరువు తగ్గారు, నడుం నొప్పి మొదలైంది. మీరు అడిగినవి మూడు. విటమిన్ డి తక్కువ కాబట్టే షుగర్ వచ్చిందా? అది వేసుకుంటే షుగర్ పోతుందా? బిడ్డ ఎముకలు బలహీనంగా పుడతాయా?

నేను ఇరవై ఏళ్లకు పైగా కాన్పులు చేస్తున్న డాక్టర్‌ని. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది 158 కాదు, 11 కూడా కాదు. ఆ రెండింటికీ దారి ఉంది. మీరు పాలు, పెరుగు మానేసి బరువు తగ్గడమే నాకు నచ్చలేదు. గర్భంలో షుగర్ వచ్చిన వాళ్ల ఎముకలకు నేను చూసిన పెద్ద ముప్పు షుగర్ కన్నా, షుగర్ అన్న మాట విన్న రోజు నుంచి మొదలయ్యే భయం. పాలు పోతాయి, పెరుగు పోతుంది, కడుపు నిండా తినడం పోతుంది, గడప దాటడం కూడా పోతుంది. సరిగ్గా బిడ్డ ఎముకలు గట్టిపడే మూడు నెలల్లోనే ఇదంతా జరుగుతుంది.

ముందు మీ మొదటి అనుమానం. మీకు షుగర్ రావడానికి అసలు కారణం కడుపులో బిడ్డను అంటిపెట్టుకున్న మాయ (ప్లాసెంటా). బిడ్డకు తిండి అందాలని మాయ కొన్ని హార్మోన్లు వదులుతుంది. అవి తల్లి ఒంట్లో ఇన్సులిన్‌ని సరిగా పని చేయనివ్వవు. ఆరో నెల దాటాక వాటి జోరు పెరుగుతుంది. అందుకే 24 నుంచి 28 వారాల మధ్య మళ్లీ పరీక్ష చేస్తాం. మన దేశంలో 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి, రెండు గంటలకు 140 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే గర్భంలో షుగర్ అంటాం. మన ఇళ్లలో అమ్మకో నాన్నకో షుగర్ ఉండటం మామూలే కాబట్టి ఆ హార్మోన్లను తట్టుకునే శక్తి చాలామందికి తక్కువే.

గర్భంలో షుగర్ ఉన్న వాళ్లలో విటమిన్ డి తక్కువగా కనిపిస్తుందని చాలా అధ్యయనాలు చెప్పిన మాట నిజమే. కానీ ఒకటి ఇంకోదానికి కారణం అని దాంతో తేలిపోదు. బరువు ఎక్కువున్నా, ఎండ తగలకపోయినా, కదలిక తక్కువైనా రెండూ కలిసే వస్తాయి. గర్భిణులకు విటమిన్ డి ఇస్తే షుగర్ ముప్పు తగ్గొచ్చని 2019లో, అధ్యయనాలన్నిటినీ కలిపి తూచి చూసే కాక్రేన్ సమీక్ష చెప్పింది. 2024లో నమ్మకం చాలని అధ్యయనాలను పక్కనపెట్టి మళ్లీ లెక్క చూస్తే, అంత గట్టిగా చెప్పలేమని తేలింది. కాబట్టి నా మాట సూటిగా చెబుతాను. విటమిన్ డి మీ ఎముకల కోసం, బిడ్డ ఎముకల కోసం వేసుకోండి. అదే షుగర్‌కి మందు అనుకోకండి. "డి పెరిగితే షుగర్ దానంతటదే దిగుతుంది, ఇన్సులిన్ ఎందుకు" అని నెల రోజులు ఆగిన వాళ్లున్నారు. ఆ నెల బిడ్డకు చాలా విలువైనది. తిండి, నడకతో రెండు వారాలు చూడండి. పరగడుపున 95 లోపు, తిన్న రెండు గంటలకు 120 లోపు రాకపోతే డాక్టర్ మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర గానీ ఇన్సులిన్ గానీ మొదలుపెడతారు, వద్దనకండి.

ఇక బిడ్డ ఎముకలు. పుట్టే నాటికి బిడ్డ ఒంట్లో సుమారు 30 గ్రాముల కాల్షియం చేరుతుంది. అందులో చాలా భాగం ఆఖరి మూడు నెలల్లోనే. నెలలు నిండేసరికి రోజుకు 250, 300 మిల్లీగ్రాముల దాకా మాయ గుండా బిడ్డకు వెళుతుంది. వినడానికి భయంగా ఉంటుంది కానీ మీ ఎముకల్లో ఉన్న కాల్షియం దాదాపు కిలో. పైగా గర్భం నిలిచిన దగ్గర్నుంచి మీ పేగులు తిండిలోని కాల్షియాన్ని మామూలు కన్నా రెట్టింపు పీల్చుకుంటాయి. మీ ఎముకల్ని తవ్వకుండా బిడ్డకు ఇచ్చేందుకు ఒళ్లు చేసుకున్న ఏర్పాటది. అయితే పేగు పీల్చుకోవాలంటే కంచంలో కాల్షియం ఉండాలి కదా! పాలు, పెరుగు రెండూ మానేసి, మిగతా తిండి కూడా సగం చేస్తే పేగుకి దొరికేది తక్కువ. అప్పుడు లోటు మీ ఎముకల నుంచే పూడాలి.

మీరు ఎక్కువగా భయపడుతున్న మాటకు జవాబు: డి 11 ఉన్న తల్లికి ఎముకలు వంగిన బిడ్డ పుట్టడం చాలా అరుదు. ఈ పరీక్షలో 20 లోపు ఉంటే లోటు అంటాం. కాబట్టి మీది లోటే, కానీ ఇంకా మూడు నెలల టైమ్ ఉంది. బిడ్డకు డి వచ్చేది మీ నుంచే. బొడ్డుతాడు రక్తంలో ఎప్పుడూ తల్లి కన్నా కొంత తక్కువే ఉంటుంది. అందుకే తల్లికి బాగా తక్కువుంటే బిడ్డ ఖాళీ చేతులతో పుడుతుంది. దాని ఫలితం కనిపించేది పుట్టిన తర్వాత, రక్తంలో కాల్షియం పడిపోవడం రూపంలో. తల్లి షుగర్ అదుపులో లేకపోతే పుట్టిన రెండు మూడు రోజుల్లో బిడ్డకు కాల్షియం తగ్గే అవకాశం దానికదే ఉంటుంది. రెండు లోట్లూ ఒక్కచోట చేరకూడదు. పుట్టిన బిడ్డ చేతులు కాళ్లు వణికినా, పాలు పట్టకుండా మందంగా ఉన్నా వెంటనే నర్సుకి చెప్పండి. షుగర్ తగ్గినా అలాగే వణుకుతారు, వాళ్లు రెండూ చూస్తారు.

బిడ్డ ఎముక గురించి ఇంకో మాట ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. తల్లి షుగర్ ఎక్కువుంటే బిడ్డ బాగా లావెక్కుతుంది, ముఖ్యంగా భుజాల దగ్గర. కాన్పులో తల బయటికొచ్చాక భుజం ఇరుక్కుంటుంది. ఆ నిమిషాల్లో బిడ్డ మెడ కింది ఎముక చిట్లడం నేను కళ్లారా చూశాను. పసిబిడ్డ ఎముక కాబట్టి కొన్ని వారాల్లో అతుక్కుంటుంది, కానీ ఆ తల్లి ముఖం నేను మర్చిపోలేను. అందుకే షుగర్‌ని అదుపులో పెట్టడం కూడా బిడ్డ ఎముకలకు చేసే సేవే.

ఇప్పుడు పాల సంగతి. పావు లీటరు పాలలో 12 గ్రాముల దాకా పిండిపదార్థం, 300 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. అంటే రెండు చిన్న ఇడ్లీలకున్నంత పిండిపదార్థం కూడా లేదు. షుగర్ పెంచేది పాలు కాదు, పాలలో కలిపే చక్కెర, బెల్లం, మాల్ట్ పొడి. గర్భిణుల కోసమని డబ్బాల్లో అమ్మే ప్రోటీన్ పొడుల వెనక చిన్న అక్షరాలు చదవండి. చాలావాటిలో చక్కెర గానీ, చక్కెరలాగే షుగర్ పెంచే మాల్టోడెక్స్‌ట్రిన్ గానీ ముందు వరసలోనే ఉంటుంది. పొద్దున్న టిఫిన్‌తో పాటు పాలు తాగొద్దు, ఆ పూట షుగర్ తొందరగా ఎగబాకుతుంది. పది పదకొండు మధ్య, చక్కెర లేకుండా, గుప్పెడు వేరుశనగలతో తాగండి. మధ్యాహ్నం అన్నంలో గిన్నెడు గట్టి పెరుగు వేసుకోండి. రాత్రి పెరుగు తింటే జలుబు చేస్తుందని మీ అత్తగారు అంటే మధ్యాహ్నమే తినండి, ఆవిడతో వాదన ఎందుకు. పల్చటి మజ్జిగ దాహానికి మంచిదే, కాల్షియం లెక్కలో మాత్రం అందులో పడిన పెరుగెంతో అంతే. పాల ప్యాకెట్ మీద 'ప్లస్ ఎఫ్' గుర్తుంటే అందులో విటమిన్ డి కూడా కలుపుతారు, లీటరుకి 200 నుంచి 300 యూనిట్లు. ఆ గుర్తున్నదే తెచ్చుకోండి.

పాలు మానడంలో ఇంకో నష్టం ఉంది. తిండిలో కాల్షియం తక్కువైతే ఒళ్లు తన దగ్గరున్న విటమిన్ డి ని తొందరగా ఖర్చు పెట్టేస్తుంది. ఒక చేత్తో సాచెట్ వేసుకుంటూ ఇంకో చేత్తో పాలు మానేస్తే చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి డాక్టర్లు 2007లో అచ్చు వేసిన అధ్యయనం మన వాళ్ల గురించే. తిరుపతి చుట్టుపక్కల ఆరోగ్యంగా తిరిగే వాళ్లను చూస్తే, ఎండలో పొలం పని చేసే పల్లె ఆడవాళ్లలో కూడా ఎక్కువమందికి డి తక్కువే. వాళ్ల తిండిలో కాల్షియం తక్కువ, దాన్ని పట్టి ఉంచి పేగుకి అందనివ్వని ఫైటేట్ ఎక్కువ అని కూడా ఆ అధ్యయనం చూపించింది. ఎండ ఒక్కటే చాలదు అనడానికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం ఏముంది?

రాగుల గురించి కూడా రాశారు. రాగుల్లో కాల్షియం మెండు, వంద గ్రాములకు 350 మిల్లీగ్రాముల పైనే. కానీ మీరు పొద్దున్నే తాగుతున్న రాగి జావ దగ్గరే తేడా కొడుతోంది. పిండిని నీళ్లలో బాగా ఉడికించి పల్చగా చేస్తే నమలాల్సిన పని లేదు, గ్లాసు ఎత్తితే దిగిపోతుంది, షుగర్ కూడా అంతే వేగంగా ఎక్కుతుంది. నా మాట నమ్మక్కర్లేదు, ఇంట్లో షుగర్ చూసుకునే గ్లూకోమీటర్‌ని అడగండి. ఒకరోజు జావ తాగి గంటకు చూసుకోండి. ఇంకోరోజు అదే పిండితో ఒక చిన్న రొట్టె చేసుకుని తోటకూర పప్పుతో తిని గంటకు చూసుకోండి. గంటకి 140 దాటకూడదు. రాయలసీమ వాళ్లయితే సంగటి ముద్ద నిమ్మకాయంతది కాకపోయినా కమలాపండంత చాలు, పక్కన పప్పో చేపల పులుసో ఎక్కువ ఉండాలి. పులుసులో ముళ్లతో నమిలి తినగలిగే చిన్న చేపలు ఎముకలకు ఎంతో మంచివి. ఎండు చేపలు మాత్రం ఉప్పు వల్ల బీపీకి మంచివి కావు.

నువ్వులు వేడి, కడుపుతో ఉన్నవాళ్లు తినకూడదు అంటారు. చెంచాడు నువ్వుల పొడి కూరలో చల్లుకుంటే ఏమీ కాదు. మునగాకు, తోటకూర రోజూ ఉన్నా తప్పులేదు. పాలకూరలో కాల్షియం ఉన్నా ఆక్సలేట్ దాన్ని పేగుకి అందనివ్వదు, ఐరన్ కోసం, పీచు కోసం తినండి గానీ పాలకు బదులనుకోకండి. సీమంతం నాడు మీ అమ్మగారు చలిమిడి తెస్తారు కదా. అది బెల్లం, బియ్యప్పిండి. ఒడిలో పెట్టించుకోండి, నోట్లో చిటికెడు వేసుకోండి, మిగతాది అందరికీ పంచండి. వేడుక మానాల్సిన పని లేదు.

ఎండ విషయం. మనకి విటమిన్ డి తయారయ్యే ఎండ పొద్దుటి లేత ఎండ కాదు. తిరుపతిలోనే పరిశోధన చేసి చూశారు, ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 వరకే అది బాగా తయారవుతుంది. ఏడింటికి బాల్కనీలో కూర్చోవడం మనసుకి హాయి, ఎముకలకి కాదు. అద్దం వెనక కూర్చుంటే అసలే రాదు. మీ అపార్ట్‌మెంట్‌కి డాబా ఉందన్నారు, మంచిది. టిఫిన్ తొమ్మిదిన్నరకు తిని, పదిన్నరకు పాలు తాగి, పదకొండుకి చేతులు, పాదాలు, మెడ తగిలేలా పదిహేను ఇరవై నిమిషాలు డాబా మీద మెల్లగా నడవండి. తిన్న తర్వాతి నడకతో షుగర్ దిగుతుంది, ఎండతో డి కూడా కాస్త వస్తుంది. చలికాలంలో ఇది చక్కగా కుదురుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం వద్దమ్మా. ఆ ఎండలో గర్భిణి కళ్లు తిరిగి పడితే వచ్చే నష్టం ఏ విటమిన్ తీర్చదు. అప్పుడు ఇంట్లోనే నడవండి, డి మాత్రల మీద ఆధారపడండి. ఎలాగూ 11 ఉన్న వాళ్లకి ఎండ ఒక్కటే చాలదు.

సాచెట్ దగ్గర జాగ్రత్త. ఒక్కో సాచెట్‌లో 60,000 యూనిట్లుంటాయి. రోజువారీ అవసరం 600 మాత్రమే. అంటే ఒక్కటి వేసుకుంటే వంద రోజుల లెక్క. "వారానికి ఒకటి" అని రాసిన చీటీని "రోజుకొకటి" అనుకుని దాదాపు నెల వేసుకున్న ఒకావిడ నా దగ్గరికి వాంతులు, మలబద్ధకం, ఆగని దాహం, మాటిమాటికీ మూత్రంతో వచ్చింది. షుగర్ పెరిగిందనుకుని ఇంట్లో వాళ్లు ఆమె తిండి ఇంకా తగ్గించారు. రక్తంలో చూస్తే పెరిగింది కాల్షియం. సెలైన్ పెట్టి దింపాం, తల్లీ బిడ్డా బాగున్నారు. షుగర్ పెరిగినా, కాల్షియం పెరిగినా దాహం, ఎక్కువ మూత్రం ఒకేలా ఉంటాయి కాబట్టి చెబుతున్నాను. సాచెట్ వేసుకునే రోజుని క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టండి. ఎనిమిది వారాల తర్వాత ఆపేసి రోజువారీ చిన్న మోతాదుకి మారడం మామూలు పద్ధతి, అది మీ డాక్టర్ చెబుతారు. ఎవరైనా ఒకేసారి ఆరు లక్షల యూనిట్ల ఇంజెక్షన్ చేయిస్తామంటే గర్భంలో ఒప్పుకోకండి. సాచెట్‌లో తీపి ఉందని భయపడ్డారు కదా, అది గ్రాము పొడి, మీ షుగర్‌ని కదిలించదు. భోజనం అయ్యాక వేసుకోండి, నెయ్యో నూనో ఉన్న తిండితోనే డి బాగా ఒంటికి పడుతుంది.

కాల్షియం మాత్ర స్ట్రిప్ ఇప్పుడు చేతిలోకి తీసుకుని వెనక చదవండి. కాల్షియం కార్బొనేట్ 1250 మిల్లీగ్రాములు అని ఉంటుంది. దాని కింద ఎలిమెంటల్ కాల్షియం 500 అని ఉంటుంది. లెక్కలోకి వచ్చేది ఆ 500. కొన్ని స్ట్రిప్పుల మీద 500 అని పెద్దగా వేసి, వెనక చూస్తే 500 కార్బొనేట్ మాత్రమే ఉంటుంది, అంటే అసలు కాల్షియం 200. మన ప్రభుత్వ పద్ధతి ప్రకారం 500 కాల్షియం, 250 యూనిట్ల డి ఉన్న మాత్ర రోజుకు రెండు, 14వ వారం నుంచి కాన్పయ్యాక ఆరు నెలల దాకా. కాల్షియం సరిగా తినని మన లాంటి చోట గర్భంలో బీపీ పెరగకుండా కూడా ఇది కాపాడుతుంది. గర్భంలో షుగర్ ఉన్నవాళ్లకి బీపీ ముప్పు ఎక్కువ కాబట్టి మీకు ఇది ఇంకా అవసరం. బెంగళూరులోనూ టాంజానియాలోనూ తొలిచూలు గర్భిణుల మీద చేసిన పెద్ద పరీక్షల ఫలితాలు 2024లో వచ్చాయి. బీపీ ముప్పు విషయంలో రోజుకు 500 మిల్లీగ్రాముల కాల్షియం, 1500 మిల్లీగ్రాములు రెండూ దాదాపు ఒకేలా పనిచేశాయి. కాబట్టి ఒక పూట మర్చిపోయారని టెన్షన్ పడకండి, మర్నాడు రెట్టింపు వేసుకోకండి.

టైమింగ్ మాత్రం పట్టింపుగా ఉండాలి. కాల్షియం, ఐరన్ ఒకేసారి మింగితే ఐరన్ ఒంటికి పట్టదు, కనీసం రెండు గంటల ఎడం కావాలి. థైరాయిడ్ మాత్ర వాడుతున్నానన్నారు, దానికీ కాల్షియానికీ నాలుగు గంటలు. నేను నా పేషెంట్లకి ఇలా చెబుతాను: థైరాయిడ్ మాత్ర లేవగానే, కాల్షియం ఒకటి మధ్యాహ్నం భోజనం ముగియగానే, రెండోది రాత్రి ఏడున్నర భోజనం తర్వాత, ఐరన్ సాయంత్రం నాలుగున్నరకి చక్కెర లేని నిమ్మకాయ నీళ్లతో. ఐరన్ వేసుకున్న పూట పాలు, టీ దగ్గరికి రానివ్వద్దు. పాలు పొద్దున పదిన్నరకు జరిగిపోయాయి కదా, సరిపోతుంది.

నడుం నొప్పి ఏడో నెలలో చాలామందికి వస్తుంది, కడుపు ముందుకొచ్చి నడుం మీద భారం పడటం వల్ల. కానీ ఈ మూడు గమనించండి. కింద కూర్చుంటే చేతులు ఆనించకుండా లేవలేకపోవడం, మెట్లెక్కడానికి తొడల్లో సత్తువ లేకపోవడం, పక్కటెముకలు గానీ కాలి ముందు ఎముక గానీ వేలితో నొక్కితే నొప్పి. ఇవి ఉంటే అది మామూలు నడుం నొప్పి కాకపోవచ్చు. డాక్టర్‌కి చెప్పండి, రక్తంలో కాల్షియం, ఫాస్ఫరస్, ఎముక జబ్బుల్లో పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ చూస్తారు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ గర్భంలో మాయ వల్ల మామూలుగానే పెరుగుతుంది, ఆ ఒక్క అంకె చూసి బెంగ పెట్టుకోకండి. కాన్పయ్యాక పాలిచ్చే రోజుల్లో వీపులో ఉన్నట్టుండి భరించలేని నొప్పి వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి. అరుదే అయినా వెన్నుపూస నలిగిన వాళ్లున్నారు.

తగ్గిన కిలోన్నర గురించి రేపే మీ డాక్టర్‌తో మాట్లాడండి, మూత్రంలో కీటోన్లు చూడమనండి. తిండి మరీ తగ్గి ఒళ్లు కొవ్వుని కరిగించుకుంటే అవి కనిపిస్తాయి. మూడు పూటల భోజనం, మధ్యలో మూడు చిన్న తిండ్లు, రాత్రి పడుకునే ముందు కూడా ఏదో ఒకటి ఉండాలి.

కాన్పయ్యాక బిడ్డకి పాలివ్వండి. పాలిచ్చే నెలల్లో తల్లి వెన్నెముకలో కాల్షియం కొంత తగ్గుతుంది, పాలు మాన్పించాక మళ్లీ చేరుతుంది. ఆ భయంతో పాలు ఆపకండి, పాలిచ్చిన తల్లికి ముందు ముందు షుగర్ వచ్చే అవకాశం కూడా తగ్గుతుంది. తల్లిపాలలో డి చాలా తక్కువ కాబట్టి పుట్టిన కొద్ది రోజులకే బిడ్డకు రోజూ 400 యూనిట్ల చుక్కలు మొదలుపెడతారు, ఏడాది నిండే దాకా. చుక్కల సీసాతో వచ్చే డ్రాపర్ మీద గీత ఎక్కడుందో మొదటి రోజే నర్సుతో చూపించుకోండి. ఒక కంపెనీ మందులో మిల్లీలీటరుకి 400 ఉంటే ఇంకో దాంట్లో 800 ఉంటుంది.

కాన్పయ్యాక ఆరు వారాలకి మీకు మళ్లీ 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష చేయాలి. షుగర్ పోయిందో, ఉండిపోయిందో అప్పుడే తెలుస్తుంది. చాలామంది బిడ్డ పనిలో పడి అది మర్చిపోతారు. బిడ్డకి పెంటావాలెంట్ టీకా కూడా ఆరు వారాలకే. ఆ రోజు ఎలాగూ ఆసుపత్రికి వెళ్తారు కాబట్టి పరగడుపున వెళ్లి మీ రక్తం ఇచ్చి రండి. విటమిన్ డి కూడా అప్పుడే మరోసారి చూడమనండి.